పెళ్లి రొట్టె

రంగనాయకులపేట, నెల్లూరు
22 జులై 2024

దుర్గ వదినకు,

నీ ఆడబిడ్డ రోజారమణి క్షేమంగానే ఉందని ఇంట్లో అందరికీ చెప్పు. ఆ ముక్క ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. నాలుగుసార్లు చేశాను. బోటు ఇంజను మోతకు అన్న చెవులు పోయిన దగ్గర్నుంచి మీ ఇంట్లో ఫోనంటే మైకు సెట్టే. నేనిక్కడ "జ్వరం తగ్గింది" అంటే, అక్కడ పక్కింటివాళ్ళు "ఏ మాత్ర వేసుకునిందంట?" అని అడగడం నాకు వినిపిస్తోంది. అందుకే ఇకనుంచి నీతో చెప్పాల్సినవన్నీ కాగితం మీదే. మన లిల్లీ రోజూ మొదటి బస్సుకు చేపల గంపతో టౌనుకు వస్తుంది కదా, ఆమె చేతికిస్తాను. ఉత్తరం నీచు వాసన వస్తే ఆ పాపం నాది కాదు.

ఇక్కడికి వచ్చి రెండు నెలలైంది. సంతపేటలో చెంచురామయ్య గారి మెస్సులో చేపల పులుసు ఇప్పుడు నా చేతిదే. గది మేడ మీద. తలుపు తీస్తే ఎదురుగా రంగనాయకుల గాలిగోపురం. దేవుడికి ఎదురుగా నిలబడి పళ్ళు తోముకోవడం తప్పేమోనని మొదట్లో గోడవైపు తిరిగేదాన్ని. ఇప్పుడు ఆయనా అలవాటు పడ్డాడు, నేనూ పడ్డాను. గుడి వెనక పెన్న. నీళ్ళు ఒక మూలన ఉన్నాయి, మిగతాదంతా ఇసక, దాని మీద ఆరేసిన చీరలు, గేదెలు. సముద్రం ముందు పుట్టినదాన్ని, ఇదేం నది అనుకున్నాను. ఎవరితోనూ అనలేదులే.

ట్రంకు రోడ్డు దాటడం నేర్చుకోవడానికే నెల పట్టింది. గాంధీబొమ్మ దగ్గర అరగంట అట్లాగే నిలబడేదాన్ని. ఒకరోజు తట్టింది. తెప్ప తోసేటప్పుడు అలకూ అలకూ మధ్య సందు చూసి తోస్తాం కదా, ఇదీ అంతే. ఇప్పుడు నేను దాటుతుంటే నా కొంగు పట్టుకుని ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు వెంట వస్తున్నారు.

నిన్నటితో రొట్టెల పండగ అయిపోయింది. మెస్సులో కూరగాయలు తరిగే పెంచలమ్మ నన్ను స్వర్ణాల చెరువుకు లాక్కుపోయింది. ఎన్ని ఊళ్ళ జనమో! దర్గాలో మొక్కుకుని, నెత్తిన కొంగు కప్పుకుని, నీళ్ళలో దిగి, "ఉద్యోగం రొట్టె", "ఇల్లు రొట్టె", "చదువు రొట్టె" అని కేకలు. కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుని తింటారు. నేనూ ఒకటి తీసుకున్నాను. ఏ రొట్టె అని అడగకు. అడిగినా చెప్పను.

సరే, అడగవని తెలుసు కాబట్టి చెబుతున్నాను. పెళ్లి రొట్టె.

నీ
రోజా


పల్లెపాలెం, మైపాడు దగ్గర
26 జులై 2024

రోజాకు,

ఉత్తరం అందింది. ముందు ఎండలో ఆరేసి, తర్వాత చదివాను. కవళ్ళ చేపల వాసనకు మన పిల్లి కూడా చదవడానికి వచ్చింది.

ఎంత మంచిదానివే! మేనకోడలి పెళ్ళి కోసం చెరువులో దిగి నిలబడ్డావా! ఉషకు సంబంధం కుదరాలని నువ్వు పెళ్లి రొట్టె తీసుకున్నావని చెబితే మీ అన్న వల అల్లడం ఆపి సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. కాసేపటికి "చూసినావా మే, నా చెల్లెలు" అన్నాడు. అంతే. నువ్వు బయలుదేరిన రోజున బస్సు దాకా రాని మనిషి, "అన్న ఇంట్లో కూడు లేకనా ఇంకోళ్ళ పొయ్యి కాడికి పోతాది" అని మూడురోజులు గొణిగిన మనిషి, ఇప్పుడు లిల్లీ గంపలో నీకని వంజరం పెట్టించాడు. మంచి చేప. మెస్సులో వండి పెట్టేసేవు, నువ్వు తిను.

ఈ సంగతి ఉషకు మాత్రం తెలియనీయకు. తిరుపతిలో నర్సింగు ఆఖరి ఏడాది. ఉద్యోగం వచ్చేదాకా పెళ్ళి మాట ఎత్తితే ఫోన్ పెట్టేస్తానని చెప్పింది. ఈసారి సెలవుల్లో వచ్చినప్పుడు మనిద్దరికీ సూది పొడిచినా పొడుస్తుంది.

పళ్ళు గోడవైపు తిరిగే తోముకో. దేవుడు అలవాటు పడ్డాడని నీకెవరు చెప్పారు?

మీ వదిన,
దుర్గ


రంగనాయకులపేట
19 ఆగస్టు 2024

వదినా,

వంజరం తిన్నాను. ఒక్కదాన్నే తిన్నాను. అన్నకు చెప్పు.

రొట్టె సంగతి నువ్వు అనుకున్నది... సరేలే, దాని గురించి ఇంకోసారి రాస్తాను.

మెస్సులో గ్రైండరు చెడిపోయింది. చిన్నబజారు సందులో మోటార్లు బాగుచేసే మాల్యాద్రి గారని ఒకాయన వచ్చి చూశారు. సొంత ఊరు విడవలూరు, పొలం వాళ్ళు. ముప్పై ఏళ్ళ కిందట టౌనుకు వచ్చారు. భార్య పోయి ఆరేళ్ళైంది. కొడుకు మధుబాబు కరెంటు పనిలో ఉన్నాడు, గూడూరులో ఉద్యోగం.

ఆయన చేప తినడు వదినా! నెల్లూరు జిల్లాలో పుట్టి చేప తినని మనిషిని నేనిదే చూడటం. చిన్నప్పుడు వాలుగ ముల్లు గొంతులో దిగిందట, అప్పటినుంచీ భయం. కానీ పులుసులో మామిడికాయ ముక్క మాత్రం కావాలి. గిన్నె ముందుకు జరిపి, చేప ముక్కల మధ్యలోంచి గరిటెతో మామిడి ముక్కను తీసుకుంటాడు, పాము పుట్టలో చెయ్యి పెట్టినట్టు. నేను నవ్వాను. "నవ్వండి. ముల్లు దిగింది మీ గొంతులో కాదు గదా" అన్నాడు.

గ్రైండరు మళ్ళీ మొన్న ఆగిపోయింది. అంతకుముందు మిక్సీ. ఈ ఊరి కరెంటే అంత అంటున్నారు.

మంచి కుటుంబం వదినా. నాకైతే నచ్చింది. నువ్వేమంటావో రాయి.

రోజా


పల్లెపాలెం
8 సెప్టెంబరు 2024

రోజాకు,

నాకిప్పుడు అర్థమైంది. పైకి చేపల పులుసు, లోపల సంబంధం వేట! ఉషకు ఆ మధుబాబును చూశావన్నమాట. పొలం వాళ్ళు, మనం సముద్రం వాళ్ళం. మీ అన్న ఎగురుతాడు. అయినా చూద్దాం.

అబ్బాయి సంగతి సరే. తండ్రి ఎట్లాంటివాడు? తాగుతాడా? కోపమా? నవ్వితే ఎట్లా ఉంటాడు? పనివాళ్ళతో ఎట్లా మాట్లాడతాడు? నీతో ఎట్లా మాట్లాడతాడు? వియ్యంకుడు మంచివాడైతేనే పిల్ల సుఖపడుతుంది, అందుకే అడుగుతున్నాను. వివరంగా రాయి. కాగితం పొదుపు చేయకు.

మెస్సు ఓనరుకు కొత్త గ్రైండరు కొనుక్కోమని చెప్పు. లేదా, వద్దులే. చెప్పకు.

దుర్గ


రంగనాయకులపేట
17 అక్టోబరు 2024

వదినా,

మూడు రోజులుగా వాన. పెన్నను ఇదేం నది అన్నాను కదా, లెంపలు వేసుకున్నాను. నిన్న ఊరంతా వంతెన మీదే ఉంది. గేదెలు తిరిగిన ఇసక ఎక్కడుందో తెలియదు, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఎర్రటి నీళ్ళు. బజ్జీల బండి వాడు కూడా వంతెన పక్కకు తెచ్చి పెట్టేశాడు. మాల్యాద్రి గారూ ఉన్నారు. గొడుగు నాకిచ్చి ఆయన తడిశారు. "జలుబు చేస్తుందండీ" అంటే, "మోటారుకు తడి తగిలితేనే నష్టం, నాకేం గాదు" అన్నారు. ఇవాళ తుమ్ముతూ వచ్చారు గ్రైండరు చూడటానికి.

నువ్వు అడిగినవి. తాగడు. కోపం ఉంది గానీ అది స్క్రూల మీద చూపిస్తాడు, మనుషుల మీద కాదు. నవ్వితే ఎడమ కన్ను మూసుకుపోతుంది. పనివాడు తప్పు చేస్తే విప్పి మళ్ళీ బిగించమంటాడు, అంతే, అరవడు. ట్రంకు రోడ్డులో నడిచేటప్పుడు లారీల వైపు ఆయన నడుస్తాడు. మూలాపేట గుడి దగ్గర ఒక ముసలామె పూలు కడుతుంది, ఆమెకు కళ్ళు సరిగా కనపడవు. రోజూ పొద్దున పోయి సూదిలో దారం ఎక్కించి, ఆ తర్వాతే షాపు తీస్తాడు. ఇది ఆయన చెప్పలేదు. నేను చూశాను.

మధుబాబు గురించి రాయడం మరిచాను. ఉన్నాడు, బాగానే ఉన్నాడు.

వదినా, అన్నకు మాత్రం ఇప్పుడే ఏమీ చెప్పవద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను. ముందు నీకు ఒక మాట చెప్పాలి. ఎట్లా చెప్పాలో తెలియడం లేదు.

రోజా


పల్లెపాలెం
2 ఫిబ్రవరి 2025

రోజాకు,

నువ్వు వద్దన్నా సంబంధం సంగతి చెప్పేశాను. మీ అన్న టౌనుకు పోయి రావడం కూడా అయిపోయింది. నిన్ను చూడకుండా వచ్చేశాడని అలగకు, చివరి బస్సు దొరకడమే గండమైంది.

జరిగింది విను. "పొలం వాళ్ళకు మన పిల్లనా? వద్దని మొహం మీదే చెప్పేసి వస్తా" అని తెల్ల చొక్కా వేసుకుని పోయాడు. పన్నెండింటికల్లా వస్తాడనుకున్నాను. దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. చేతిలో మలై కాజాల పొట్లం.

"చెప్పినావా?" అన్నాను.

"ఏందీ?"

"వద్దని."

"ఆ మాటే రాలా" అని కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

తర్వాత ఒక్కొక్కటే బయటికి వచ్చింది. ఈయన షాపులో అడుగు పెట్టగానే మాల్యాద్రి గారు తిరిగే మోటారు ఆపేశాడట. ఈయనకు ఏ చెవి నయంగా వినిపిస్తుందో రెండు మాటల్లోనే కనిపెట్టి స్టూలు ఆ వైపుకు జరుపుకున్నాడట. "అరవలా మే. నిమ్మళంగా మాట్లాడినాడు, పెదాలు కనపడేటట్టు. ఈ అయిదేళ్ళలో నాతో ఎవురూ అట్టా మాట్లాడలా, అందరూ అరుస్తారు" అన్నాడు. చెబుతుంటే ఆ మనిషి మొహం చూడాలి నువ్వు. నేనూ అరుస్తాను కదా, నాకు సిగ్గేసింది.

తర్వాత ఇద్దరూ రంగనాయకుల గుడికి పోయారట. పడుకున్న స్వామిని చూసి, "వేట నిషేధంలో మనం పడుకున్నట్టు పడుకోనుండాడు" అన్నాడట మీ అన్న. పూజారి కూడా నవ్వాడట. చివరికి బస్టాండులో "మా పిల్లని కష్టపెట్టకుండా చూసుకుంటారా?" అని అడిగాడట. "నా ప్రాణం పెట్టి చూసుకుంటా" అన్నాడట ఆయన.

"మరి అబ్బాయి ఎట్టుండాడు?" అని నేనడిగితే మీ అన్న కాసేపు ఆలోచించి, "అబ్బాయా? ఉండాడులే" అన్నాడు.

ఇప్పుడు పాలెం పెద్దలకు చెప్పి ముహూర్తం పెట్టిస్తానని కూర్చున్నాడు. కాజాలు నేనే ఎక్కువ తిన్నాను.

దుర్గ


రంగనాయకులపేట
18 మార్చి 2025

వదినా,

నెలన్నర నీకు ఉత్తరం రాయలేదు. లిల్లీ రోజూ అడిగింది, రోజూ "రేపు" అన్నాను. భయంతో.

మీ దగ్గర ఉష పెళ్ళికి ముహూర్తాలు చూస్తున్నారు. ఇక్కడ మాల్యాద్రి గారు ఆ సాయంత్రమే మెస్సుకు వచ్చి, "మీ అన్న ఒప్పుకున్నాడు" అని పెంచలమ్మ ముందే చెప్పేశారు, ఎడమ కన్ను మూసుకుపోయింది. అన్న "మా పిల్ల" అన్నది ఉషను. ఆయన విన్నది నన్ను.

ఇక దాచలేను వదినా. రొట్టె నా కోసమే తీసుకున్నాను. నాకే. నలభై ఏడేళ్ళు వచ్చి, మొగుడు పోలయ్య పోయి తొమ్మిదేళ్ళై, నీళ్ళలో నిలబడి నా అంతట నేను చెయ్యి చాచాను. అప్పటికి మాల్యాద్రి గారు ఎవరో కూడా తెలియదు, చేసుకుంటానని ఆయన అడిగింది వానల తర్వాత. ఒంటరిగా ఉన్నానని చెప్పుకోవడానికి మనిషి దొరకలేదు, అందుకని నీళ్ళకు చెప్పుకున్నాను.

రంగనాయకుల రథం లాగిన రోజున ఈయనకు నిజం చెప్పాను. జనం అరుపుల్లో, ఒక పక్కన నిలబడి. ఆయన మొహం మాడిపోయింది. "అంటే మీ అన్నకు తెలవదా? నేను ఆ పెద్దమనిషి పక్కన కూర్చోని కాజాలు తినినా గదా! నిజం చెప్పకుండా ఇంకోసారి ఆయన ముందర నిలబడలేను" అన్నారు. నువ్వు చెప్పకపోతే ఆయనే వచ్చి చెబుతానంటున్నారు.

తిడితే తిట్టు. పోలయ్య అంటే ఇష్టం లేక కాదు. నీకు తెలుసు.

రోజా


పల్లెపాలెం
20 మార్చి 2025

పిచ్చిదానా,

నాకు తెలియదనుకున్నావా?

గ్రైండరు రెండోసారి చెడిపోయినప్పుడే తెలిసింది. మామిడి ముక్క దగ్గర రూఢి అయింది. ఉద్యోగం వచ్చేదాకా వద్దని ఉష చెప్పిన తర్వాత దాని కోసం సంబంధం చూసేదానికి నాకేం పిచ్చా? "మీ చెల్లెలికి మళ్ళీ పెళ్ళి, పోయి మనిషిని చూసి రా" అంటే మీ అన్న పోయేవాడా? కూతురి కోసమంటే పోయాడు. ముందు మనిషిని చూడనీ, పేరు తర్వాత మార్చుకోవచ్చు అనుకున్నాను. అబద్ధం ఆడిన పాపం నాది, నీకు వాటా లేదు. ఆ తండ్రి సంగతి వివరంగా రాయమన్నది కూడా అందుకే. నువ్వేమో ఒక కాగితం నిండా ఆయన్ని రాసి, కొడుక్కి ఒక్క ముక్క మిగిల్చావు!

నీళ్ళకు చెప్పుకున్నానని రాశావే, అక్కడ మాత్రం నాకు నవ్వు రాలేదు. తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. నాకు చెప్పుకోవాలని నీకు తోచేటట్టు నేను లేకపోయానా? దాన్ని గురించి ఇప్పుడు వద్దు.

మీ అన్న బోటు దగ్గర ఉన్నాడు. పోయి చెబుతాను. దేవుడికి దండం పెట్టుకో, ఏ వైపు తిరిగైనా సరే.

దుర్గ


పల్లెపాలెం
24 ఏప్రిల్ 2025

రోజాకు,

నాలుగు ముక్కలే రాస్తున్నాను. చెప్పాను. విన్నాడు. "ఇద్దరూ కలిసి నన్ను పిచ్చోణ్ణి చేసినారు" అన్నాడు. అప్పటినుంచి నాతో మాట లేదు. వేట నిషేధం కూడా మొదలైంది కదా, పనీ లేదు, మాటా లేదు. బోట్లన్నీ ఒడ్డు ఎక్కాయి. తాటాకు పందిరి కింద కూర్చుని చిరగని వల కూడా కుడుతున్నాడు. అన్నం పెడితే తింటాడు. ఉప్పు తక్కువైనా అడగడు.

మొదట నవ్వులాటగానే ఉంది. ఇప్పుడు లేదు. ఇరవై ఆరేళ్ళలో ఆయన నాతో ఒక పూటకంటే ఎక్కువ మాట్లాడకుండా ఉన్నది లేదు. నేను చేసింది తప్పేమో రోజా. మంచికే చేసినా, మనిషిని మోసం చేసి చేశాను.

నువ్వు ఏమీ చేయకు. ఆయన్ని కొంచెం ఉండనీ.

దుర్గ


రంగనాయకులపేట
11 మే 2025

వదినా,

అన్న వచ్చాడు! నీకు చెప్పి వచ్చాడో లేదో తెలియదు. లేదనే అనుకుంటున్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళ. మెస్సు కిటకిటలాడుతోంది. వడ్డించే ఆయన లోపలికి వచ్చి, "పులుసు ఎవురు చేసినారని అడుగుతున్నాడు ఒకాయన" అన్నాడు. తొంగి చూస్తే చివరి బల్ల దగ్గర అన్న, అదే తెల్ల చొక్కా. నేనే పోయి వడ్డించాను. అన్న తల ఎత్తలేదు. రెండుసార్లు పులుసు పోయించుకున్నాడు. చెయ్యి కడుక్కున్న తర్వాత అడిగాడు:

"ఆ మనిషి చేప తినడంట గదా?"

"తినడన్నా."

"మరి ఏం చూసినావు?"

ఊరికే అన్న మాట కాదు వదినా అది. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను ఆయన మంచి చెవి వైపుకు పోయి నిలబడి చెప్పాను. "నేను వండింది తిని బాగుందని ఊరంతా అంటారన్నా. నువ్వు తిన్నావా అని అడిగింది ఆయనొక్కడే."

అన్న చొక్కా జేబులోంచి భోజనం డబ్బులు తీయబోయి మళ్ళీ పెట్టేసుకున్నాడు. ఎండలో బయటికి నడిచాడు. నేను వంటింట్లోకి పోయి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను, ఎవరైనా చూసినా అనుమానం రాకుండా.

ఆ తర్వాతది మాల్యాద్రి గారు చెప్పారు. అన్న షాపుకు పోయి స్టూలు మీద అరగంట కూర్చున్నాడట, మాట లేకుండా. చివరికి ఈయనే, "తప్పు జరిగింది, నాకు తెలవదు, మన్నించండి" అన్నాడట. అన్న చెయ్యి అడ్డం పెట్టి, "జూన్ పదిహేను నించి నాకు వేట ఉంటాది. ఆ లోపల పెట్టుకోండి. తర్వాతంటే నేను రాలేను" అన్నాడట.

వదినా, ఇంటికి వచ్చి నీతో మాట్లాడాడా? ముందు అది రాయి. నీతో మాట్లాడితేనే నేను పెళ్ళి చీర కొనుక్కుంటాను.

రోజా

(లిల్లీతో కబురు పంపించు, ఉత్తరం దాకా ఆగలేను. ఒక్క మాట చాలు. గంప మీద ఎర్ర గుడ్డ కప్పితే మాట్లాడినట్టు.)


పల్లెపాలెం
10 జూన్ 2025

రోజాకు, కాదు, మాల్యాద్రి గారి ఇల్లాలికి,

ఎర్ర గుడ్డ పంపాను గానీ ఆయన ఏమన్నాడో నీకు చెప్పనేలేదు కదా. ఆ రోజు బస్సు దిగి నేరుగా వంటింట్లోకి వచ్చి, "నువ్వు తినినావా మే?" అన్నాడు. యాభై రోజుల తర్వాత మొదటి మాట. ఎప్పుడూ అడగని మాట కాబట్టి నేను బిత్తరపోయి తినలేదని చెప్పాను, తిన్నాను కూడా. ఆయన ఎదురుగా కూర్చుని మళ్ళీ తినిపించాడు. ఎవరు నేర్పారో నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

మొన్న గురువారం రంగనాయకుల గుళ్ళో నీ పెళ్ళయిందా, ఆదివారం ఇక్కడ పాలెం పెద్దలు కూర్చున్నారు. నీకు ముందే చెప్పలేదు, నువ్వు దిగులు పడతావని. మన పాలెం పెద్దకాపు హజరత్తయ్య మామ మొదలుపెట్టాడు.

"గంగులయ్యా, మారుమనువు మనలో లేనిది గాదు. తప్పని ఎవురూ అన్లా. కానీ బయట మనిషిని చేసుకునింది. పాలెంలో ఎవురూ లేరా అని మా మాట."

"ఏందీ?" అన్నాడు మీ అన్న, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

మామ గట్టిగా అన్నాడు. "పాలెంలో ఎవురూ లేరా?"

"వినపళ్ళా మామా."

మామ లేచి నిలబడి, చివరి ఇంటిదాకా వినిపించేటట్టు అరిచాడు. మీ అన్నకు మొదటిసారే వినిపించింది. ఇరవై ఆరేళ్ళ కాపురం, నాకు తెలియదా!

అప్పుడు ఆయన లేచాడు. "తొమ్మిదేళ్ళు పాలెంలోనే ఉండింది గదా మామా. ఈ ఇసకలోనే నడిచింది, ఈ బోరింగు కాడే నీళ్ళు పట్టింది. అప్పుడు ఎవురికీ కనపళ్ళా. నాకూ కనపళ్ళా. అన్నని, నా ఇంట్లోనే ఉండింది. పొద్దుట్నించి రాత్రిదాకా మా అందరికీ వండి పెట్టింది, తను తినిందో లేదో నేను చూళ్ళా. ఆమె కనపడినోడు ఒకడు వచ్చినాడు, చేసుకున్నాడు. తప్పు చూసినోడిదా, చూడనోళ్ళదా? చెప్పండి, మీరెంతంటే అంత జరిమానా కడతా."

ఆడవాళ్ళం ఒక పక్కన నిలబడి అంతా విన్నాం.

హజరత్తయ్య మామ మళ్ళీ కూర్చున్నాడు. "సరే. పెళ్ళిలో భోజనాలేం పెట్టినారు?"

"పప్పు, గోంగూర, వడలు. మా బావ చేప తినడు."

"చేప తినడా!" అన్నాడు మామ. అంతసేపు లేని కోపం అప్పుడొచ్చింది ఆయనకు. "చేప తిననోడికి పిల్లనిచ్చినావా గంగులయ్యా!" అంతే, ఒకరు నవ్వారు, ఆ తర్వాత అందరూ. సభ అయిపోయింది. నీ మొగుడి మీద ఈ పాలెంలో ఉన్న నేరం అదొక్కటే. మిగతావన్నీ కొట్టేశారు.

అసలు రాయాలనుకున్నది ఇది. ఇవాళ పొద్దున నేను కవళ్ళు ఎండబెడుతుంటే పిచ్చమ్మ వచ్చింది. అదే, మూడేళ్ళ కిందట గాలివానలో మొగుడు పోయిన పిచ్చమ్మ, చివరి ఇల్లు. ఎప్పుడూ మాట్లాడే మనిషి కాదు. నాతోపాటు కూర్చుని నాలుగు కవళ్ళు పరిచింది.

"రోజక్క ఎట్టుండాదొదినా?" అంది.

"బాగుండాది" అన్నాను.

ఇంకో నాలుగు పరిచింది. "ఆ మెస్సులో మనిషి కావాలంటారా?"

"అడుగుతా."

లేచి చీర దులుపుకుని రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. "నేను ఎప్పుడూ ఒక్కదాన్నే టౌనుకు పోలేదు. బస్సు యాడ దిగాల?"

మైపాడు గేటు దగ్గర దిగమని చెప్పాను. సోమవారం మొదటి బస్సులో లిల్లీతో వస్తుంది. నువ్వు వచ్చి నిలబడు. ఆ ట్రంకు రోడ్డు దాటేటప్పుడు దాని చేతికి నీ చెయ్యి ఇవ్వు, కొంగు కాదు.

మీ వదిన,
దుర్గ